తమ్మపడిగ

ఆసియా సంస్కృతుల మ్యూజియంలో ఇప్పుడు ఎవరూ చీటీలు చదవరు. వస్తువు ముందు నిలబడితే చెవిలో పెట్టుకున్న యంత్రం గొంతే అంతా చెబుతుంది. చైనా పింగాణీ, జపాను విసనకర్రలు దాటితే మన ఊళ్ల ఇత్తడి సామాను వస్తుంది. అక్కడున్న తమ్మపడిగను గొంతు తమ్మిపడిగ అని చదువుకుంది. తమ్మి అంటే తామర గనుక అది దేవుడి పాత్ర అయిపోయింది. పెద్ద చదువులు చదివినవాళ్లు చెప్పులు విడిచి దానికి దండం పెడుతున్నారు.

నేల తుడిచే నాంచారమ్మ ఊరుకోలేకపోయింది. "అది తాంబూలం ఉమ్మే గిన్నె తల్లీ. మా తాత మంచం కింద ఉండేది," అని చూడవచ్చిన ఇద్దరికి చెప్పింది. ఆ రెండూ గొంతు తప్పులుగా రాసుకుంది. గొంతుకు మూడోసారి ఎదురు చెబితే మర్నాడు గేటు తెరుచుకోదు. ఉద్యోగం పోయినట్టే.

సూపర్‌వైజరు ప్రభంజన్ ఆమెను గిన్నె దగ్గరికి పిలిచాడు. "తమ్మిపడిగ అని ఒక్కసారి అనెయ్ పిన్నీ. పాత తప్పులు రెండూ గొంతు చెరిపేస్తుంది."

"నువ్వు నమ్ముతావా అబ్బాయ్?"

"నమ్మడానికి నాకు జీతమివ్వరు పిన్నీ. అనడానికిస్తారు."

నాంచారమ్మ బుగ్గన ఆకువక్క ఉంది. ఆమె అడ్డుతాడు దాటి వెళ్లి గిన్నెలో తుపుక్కున ఉమ్మింది.

అందరి చెవుల్లో గొంతు మెత్తగా పలికింది. "తమ్మిపడిగలో కుంకుమ తీర్థం ఊరింది."

ముందున్న పట్టుచీర ఆవిడ చెయ్యి చాచింది.

"ముట్టుకోకమ్మా, అది నా ఎంగిలి," అంది నాంచారమ్మ.

గొంతు మూడో తప్పు రాసుకుంది. పట్టుచీర ఆవిడ నాంచారమ్మను అసహ్యంగా చూసి, గిన్నెలో వేళ్లు ముంచి కళ్లకద్దుకుంది.