రబ్బరు పొట్టు

“ఎనిమిది చెరిపి తొమ్మిది ఎందుకు పెట్టారమ్మా?”

“నేను పెట్టలేదండీ. ఇది నాలుగోసారి చెప్పడం,” అంది టీచరు.

ఎదురుగా కూర్చున్న అధికారి ఆ మాట చెవిన పడనట్టే ఇంకో జవాబు పత్రం తీసి కిటికీ వెలుగుకి పట్టాడు. పరీక్షల శాఖలో అందరూ ఆయన్ని చాటుగా ‘భూతద్దం’ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. జేబులో నిజంగానే ఒక భూతద్దం ఉంటుంది మరి.

రాష్ట్రమంతటా ఐదో తరగతికి ఒకే రోజు, ఒకే పరీక్ష. పెన్సిలుతో గుండ్రాలు నింపడమే పని. ఏ బడి ఎన్నో స్థానంలో ఉందో పేపర్లో వేస్తారు, ఆ బడి గేటుకే అంటిస్తారు. వరసగా మూడేళ్లు అట్టడుగున ఉంటే బడికి తాళం పడుతుంది. ఈ బడి రెండేళ్లు అట్టడుగునే ఉంది. మూడో ఏడు ఉన్నట్టుండి పదకొండో స్థానానికి ఎగిరి కూర్చుంది. ఇరవై రెండు మంది పిల్లల పత్రాల్లో నూట తొంభై చెరుపులున్నాయని మార్కులు లెక్కేసే యంత్రం పట్టేసింది. ఆ చెరుపుల కోసమే భూతద్దం వచ్చాడు.

“శుక్రవారం పరీక్ష. పత్రాలు తీసుకెళ్లే బండి సోమవారం దాకా రాలేదు. అన్నాళ్లూ అవి మీ బీరువాలోనే ఉన్నాయి. తాళాలెన్ని?”

“రెండండీ. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయా దగ్గర. శనాదివారాలు నేను జ్వరంతో ఇంట్లో పడున్నాను.”

“ఆ జ్వరాన్ని ఎవరైనా చూశారా?”

“జ్వరాన్ని చూడరండీ, పట్టుకు చూస్తారు,” అనేసి టీచరు నాలుక్కరుచుకుంది.

భూతద్దం నవ్వలేదు. “గ్రహాలెన్ని అన్న ప్రశ్నకి రండి. పద్దెనిమిది మంది ఎనిమిదని పెట్టారు. పద్దెనిమిదీ చెరిపి తొమ్మిది చేశారు.”

“అదేనండీ నేను మొత్తుకునేది! పాత పుస్తకంలో తొమ్మిదని ఉండేదట. ఈ ఏడు వచ్చిన కొత్త పుస్తకంలో ఎనిమిదే. నేను చెప్పిందీ ఎనిమిదే. పిల్లలు సరిగ్గా పెట్టినదాన్ని చెరిపి తప్పు చెయ్యడానికి నాకేమన్నా పిచ్చా?”

“పిచ్చి కాదు, తెలివి. అన్నీ ఒప్పులైతే దొరికిపోతామని కొసరుగా ఒక తప్పు వేశారు.”

టీచరుకి అర్థమైపోయింది. నిజం చెప్పినా అది ఈయన చేతిలో పడేసరికి అబద్ధమైపోతోంది.

ఆయా మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ గోడ మీద ఓరగా వేలాడుతున్న పటాన్ని తిన్నగా సర్ది, బల్ల మీద చెదిరిన కాగితాల అంచులు కలిపింది.

“ముట్టుకోకు!” అన్నాడు భూతద్దం.

“వంకర కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు సారూ.”

“ఇలా నిలబడు. ఎన్నేళ్లయింది నువ్విక్కడ చేరి?”

“ఇరవై ఆరు. మొన్నమొన్నటిదాకా ఈ ఐదో తరగతి గుమ్మంలోనే నా పీట. ఈ ఏడే గేటు దగ్గరికి మార్చారు. అన్నేళ్లు కూర్చున్నా నన్ను ఆరులోకి పంపిన పుణ్యాత్ముడు లేడు.”

ఆయనకి అప్పుడు నవ్వొచ్చింది. “ఆదివారం వచ్చావా?”

“వచ్చా. తాళం తీసిందీ నేనే, వేసిందీ నేనే.”

“టీచరమ్మ వచ్చిందా?”

“రాలేదు.”

“ఆవిణ్ణి వెనకేసుకు రాకు.”

“ఉన్నదే చెప్తున్నా సారూ.”

“బీరువా దగ్గర రబ్బరు పొట్టు కనిపించిందా?”

“బోలెడు. చాటకెత్తి పారబోశా.”

భూతద్దం కళ్లు మెరిశాయి. “విన్నారా అమ్మా? పొట్టు ఉందట!”

“చెరిపితే రాలదా మరి,” అంది ఆయా.

ఆయన హాజరు పట్టీ తిరగేశాడు. ఆయా పేరు ఎదురుగా వరసలు వరసలుగా వేలిముద్రలు. పట్టీ మూసేశాడు. ఎవరినైనా అనుమానించాలంటే వాళ్లకి అంతో ఇంతో అర్హత ఉండాలని ఆయన నమ్మకం.

“తాళాలు రెండు. ఒకటి చదువురాని మనిషి దగ్గరుంది. ఇక మిగిలిందెవరమ్మా?”

టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఈ ఉద్యోగం కోసం ఆరేళ్లు ఎదురుచూశానండీ.”

“సాయంత్రానికి ఉత్తర్వు వస్తుంది. రేపట్నుంచి రానక్కర్లేదు.”

“టీచరమ్మని పంపేస్తారా సారూ?” అడిగింది ఆయా.

“పంపేస్తాం. నువ్వు వేలిముద్ర వేసి వెళ్లు.”

ఆయన కలం తీశాడు. ఈమె చదువురాని మనిషి అనీ, ఊడవడం తప్ప ఏమీ ఎరగదనీ సర్కారు భాషలో నాలుగు వరసలు గబగబా గిలికి, సిరా పెట్టెతో సహా ఆమె ముందుకు తోశాడు.

ఆయా బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం మీదికి తెచ్చి ఆగింది. తలొంచుకుని పుస్తకాలు సర్దుకుంటున్న టీచరు వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ వేలిని కొంగుకి శుభ్రంగా తుడుచుకుంది. కాగితాన్ని భూతద్దం వైపు తిప్పి, మొదటి వరస మీద చూపుడువేలు ఆనించింది.

“సారూ, ‘నిరక్షరాస్యురాలు’కి య వత్తు మరిచారు.”