పక్కలో మోచెయ్యి

"మా ఆవిడకి నిద్ర జబ్బండీ," అన్నాడు భర్త, భార్యను పేషెంటు కుర్చీలో కూర్చోబెట్టి. ఎవరి జబ్బయినా తానే చెప్పేయగల సమర్థుడు. "తను నిద్రపోదు, నన్ను పోనివ్వదు. హాయిగా పడుకున్నవాణ్ణి మోచేత్తో డొక్కలో పొడుస్తుంది."

"మీరు గురక పెడతారా?" అడిగింది డాక్టరమ్మ.

"లోకంలో పెట్టనివాడెవడండీ? దానికీ ఉపాయం నేనే కనిపెట్టాను. చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొనిచ్చాను. మహాతల్లి ఒక్క చెవికే పెట్టుకుంటుంది. నా వైపు చెవి ఖాళీ. ఇంక నిద్రెలా పడుతుంది?"

డాక్టరమ్మ భార్య వైపు తిరిగింది. "ఆ చెవి ఎందుకు వదిలేశారమ్మా?"

"గురక వినబడాలి కదండీ," అంది భార్య. "వినబడుతున్నంతసేపూ భయం లేదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఊపిరితో సహా. అప్పుడు పొడుస్తాను. మళ్ళీ మొదలెడతారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీరిద్దరూ కుర్చీలు మారండి."

మారారు. సమర్థుడు మొదటిసారి ఏ సలహా ఇవ్వకుండా కూర్చున్నాడు.

"నిద్రలో ఈయనకి ఊపిరి ఆగుతోంది. వైద్యం ఉంది, కంగారు లేదు. ఈ రాత్రికి ఇక్కడే పడుకోబెట్టి పరీక్ష చేస్తాం. మీరు ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపోండమ్మా."

భార్య లేవలేదు.

"ఇక్కడ పొడిచేవాళ్ళుంటారా అండీ?"

భర్త చెయ్యి దానంతటదే డొక్క తడుముకుంది. నొప్పి ఉన్నచోటే ఉంది. ఫిర్యాదు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.