టాస్ లేని మ్యాచ్

లాండ్రీ గది తలుపు అనన్య తెరిచింది. వాషింగ్ మెషీన్ పక్కన శ్యామసుందరి తువ్వాళ్ళు మడతపెడుతూ నిలబడి ఉంది.

“మళ్ళీ దాక్కున్నావా అమ్మమ్మా?”

“దాక్కోవడమేంటే, పని చేసుకుంటున్నా. నువ్వు బయల్దేరు. కారు వెళ్ళాక వస్తాను.”

భర్త పోయినప్పటినుంచీ మనవరాలు మ్యాచ్‌కి బయల్దేరే వేళకు ఆమె ఆ గదిలోకి వెళ్ళిపోతోంది. తనలాంటి మనిషి ఎదురొస్తే వెళ్ళిన పని చెడుతుందని ఆమె భయం. పరాయి దేశంలో, వెర్రిబీ ఊళ్ళోని ఆ ఇంట్లో దాక్కోమని ఎవరూ అనలేదు. బయటికి రమ్మనీ అనలేదు.

అనన్య ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. వాళ్ళ లీగ్‌లో డ్రా అయిన ప్రతి మ్యాచ్‌నూ పెనాల్టీలతో తేలుస్తారు. టాస్ గెలిచిన జట్టే ప్రతి రౌండ్‌లోనూ ముందు తన్నేది. వెనక తన్నేవాళ్ళ మీద ఒత్తిడి ఎక్కువ, ఇది అన్యాయమని వాదించి అనన్య ఆ రూలు మార్పించింది. ఇకనుంచి రౌండ్ రౌండ్‌కీ ముందు తన్నే వంతు జట్లు మార్చుకుంటూ పోవాలి. కొత్త రూలుతో ఇవాళే మొదటి మ్యాచ్.

“గెలిచినా ఓడినా మన ఆట వల్లే అవ్వాలి, లక్ వల్ల కాదు. అక్కడ అంత ఫైట్ చేసి, ఇక్కడ నిన్ను లాండ్రీలో పెడితే ఎలా? కమ్. గేటు దగ్గర్నుంచి నాకు ఎదురు రా.”

శ్యామసుందరి తలుపు దగ్గరికి వచ్చిన కూతురి వైపు చూసింది. నీలిమ కారు తాళాల కోసం బ్యాగులో వెతుకుతూ, “పోనీ రామ్మా, అది అడుగుతోందిగా” అంది.

శ్యామసుందరి గేటు దాకా వెళ్ళి ఎదురొచ్చింది. అనన్య ఆమెను గట్టిగా కౌగిలించుకుని కారెక్కింది.

మ్యాచ్ డ్రా అయింది. జట్లు వంతులు మార్చుకుంటూ తన్నాయి. చివరి పెనాల్టీ అనన్యది. బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది, జట్టు ఓడింది. శ్యామసుందరి టీవీ కట్టేసి కుక్కర్లో బియ్యం పోసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మ్యాచ్ మాట ఎత్తలేదు. పప్పు బావుందని అనన్య అంది.

తర్వాతి శనివారం శ్యామసుందరి లాండ్రీ గదిలోకి వెళ్ళలేదు. ఉతికిన చీర కట్టుకుని, గేటు దగ్గరికి వెళ్దామని హాల్లో నిలబడింది. అనన్య భుజానికి బ్యాగు తగిలించుకుని ఒక్క క్షణం ఆమెను చూసింది.

“అమ్మమ్మా, నా గ్రీన్ టవల్ డ్రయర్‌లో ఉందేమో చూడవా?”

ఆమె లాండ్రీ గదిలోకి వెళ్ళి డ్రయర్ తెరిచింది. లోపల ఏమీ లేదు. వెనక, చప్పుడు కాకుండా మూయబోయిన వీధి తలుపు క్లిక్కుమంది.