కొస దాకా దారి

ఆరు రోజులుగా ఆవిడ ఒక్కతే కారు నడుపుకుంటూ ఉత్తరపు తీరం వెంట వస్తోంది. నడుము పట్టేసింది, ఒళ్ళు హూనమైంది. సాయంత్రం ఆరవుతున్నా ఆ వేసవి ఎండ కళ్ళలోనే గుచ్చుకుంటోంది. ఈ వయసులో ఎందుకొచ్చిన ప్రయాణం అనుకుంటూ, దారిలో కనిపించిన ఒకే ఒక్క లాడ్జి ముందు ఆగింది.

దుప్పట్లు ఆరేస్తున్న లాడ్జి యజమానురాలు తలెత్తింది.

"అదేంటమ్మా, పొద్దున్నే గది ఖాళీ చేసి ఈ దారి కొస దాకా వెళ్తానన్నారుగా? ఏమైనా మర్చిపోయారా?"

"నేనా? నేనిప్పుడేగా వస్తున్నానండీ!"

"ఊరుకోండి! అదే మొహం, అదే గొంతు. చిన్నప్పుడు మీ అక్కా మీరూ మ్యాపు మీద గీసుకున్న దారి ఇదేనని కూడా చెప్పారు."

ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కవల చెల్లెలితో మాటలు లేక తొమ్మిదేళ్ళు.

ముందున్న దారికేసి చూసింది. "కొస దాటాక దారి ఎటు పోతుందండీ?"

"ఎటూ పోదమ్మా. ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ ఈ గుమ్మం ముందునుంచే రావాలి."

"అయితే నాకు రెండు మంచాల గది ఇవ్వండి."