ఖాళీ బకెట్టు

“పడవలో గ్యాస్ వద్దు తల్లీ. కరెంటు పొయ్యి పెట్టించుకోండి.”

కొత్త పొయ్యిని పడవలోకి దించుతున్న ఆలుమగలు తలెత్తి చూశారు.

గట్టు మీద పక్క పడవ పెద్దాయన నిలబడి ఉన్నాడు.

ఆ తెరచాప పడవ వాళ్ల ఏళ్లనాటి కల. త్వరలో అందులోనే కాపురం పెట్టి సముద్రం మీద ఊళ్లు తిరగబోతున్నారు. వంటకి ఏ పొయ్యి అని చాలా రోజులు వాదించుకుని, చివరికి గ్యాస్‌కే మొగ్గారు.

“వరసగా మబ్బు పట్టిందంటే సోలార్ బ్యాటరీలు చచ్చూరుకుంటాయి పెద్దాయనా. నడిసముద్రంలో పస్తులుండమంటారా?” నవ్వుతూ అంది భార్య.

“పస్తుంటే ఏం కాదమ్మా.”

“బాగుంది వరస!” అన్నాడు భర్త.

మెకానిక్ వచ్చి గ్యాస్ బిగించి వెళ్లాడు. అయినా పెద్దాయన వదల్లేదు. రోజూ వచ్చి గొట్టాలు తడిమేవాడు. వంగి వాసన చూసేవాడు.

“కరెంటు పొయ్యిల కంపెనీ మనిషేమో! కమిషన్ కోసం మన ప్రాణం తీస్తున్నాడు.”

“ఊరుకోండి. పాపం, తోచక వస్తున్నాడు.”

బయల్దేరే ముందు రోజు ఇద్దరూ సరుకులు తెచ్చుకునేసరికి పడవ తలుపు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి.

లోపల నేల చెక్కలు ఊడదీసి ఉన్నాయి. పెద్దాయన పడవ అడుగుకి వంగి, బకెట్టుతో ముంచి ముంచి బయట పారబోస్తున్నాడు.

బకెట్టులో చుక్క నీళ్లు లేవు.

“ఏం చేస్తున్నారిక్కడ?” అరిచాడు భర్త.

“గ్యాస్ నిండిపోయింది బాబూ. తోడేస్తున్నా. అయిపోవచ్చింది.” ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

“గ్యాస్‌ని బకెట్టుతో తోడతారా ఎవరైనా? మేం చిన్నపిల్లల్లా కనిపిస్తున్నామా? మాకు వాసనే రావడం లేదే!”

“తోడేశాను కాబట్టి...”

“చాల్చాల్లెండి! కరెంటు పొయ్యి కొనిపించడానికి ఇంత నాటకమా? ముందు బయటికి నడవండి!”

పెద్దాయన బకెట్టు అక్కడే పెట్టేశాడు. గట్టెక్కుతూ ఒకసారి ఆగి ఛాతీ పట్టుకున్నాడు. మెల్లగా తన పడవలోకి వెళ్లిపోయాడు.

టీ పెడదామని భార్య సిలిండర్ దగ్గరికి వెళ్లింది. రెగ్యులేటర్ లేదు.

“చూశావా, దొంగ కూడాను!” పళ్లు కొరుకుతూ మెకానిక్‌కి ఫోన్ చేశాడు భర్త.

మెకానిక్ కొత్త రెగ్యులేటర్ తగిలించి, గొట్టం అతుకు మీద సబ్బునీళ్లు రాశాడు.

బుడగలు బుసబుసా పొంగాయి.

గబుక్కున సిలిండర్ కట్టేశాడు. మొహం పాలిపోయింది.

“నేను బిగించిన అతుకే సార్... ఎప్పట్నుంచి కారుతోందో! గ్యాస్ గాలికన్నా బరువు. పడవలో అయితే బయటికి పోయే దారుండదు, నీళ్లలాగే అడుక్కి దిగి నిలిచిపోతుంది. అగ్గిపుల్ల గీసి ఉంటే పడవా ఉండేది కాదు, మీరూ ఉండేవాళ్లు కాదు. చెక్కలు తీసి, బకెట్టు పెట్టి ఉంది... ఎవరు తోడేశారు?”

“గ్యాస్‌ని... తోడతారా?” భర్త ఖాళీ బకెట్టు వైపు చూశాడు.

“బకెట్టుతోనే తోడాలి. చూసేవాళ్లకి ఉత్త బకెట్టులాగే ఉంటుంది.”

భార్య అప్పటికే పక్క పడవ వైపు పరిగెత్తుతోంది.

పెద్దాయన గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. రెగ్యులేటర్ గుప్పిట్లోనే ఉంది.

“పెద్దాయనా! క్షమించండి పెద్దాయనా!” భర్త భుజం పట్టుకుని కుదిపాడు.

తల పక్కకి వాలిపోయింది.

చెయ్యి పట్టి చూసిన మెకానిక్ ఆ కాళ్ల దగ్గరే కూలబడ్డాడు.

“ఎవరు బాబూ ఈయన? ఏమీ కాని మాకోసం ఎందుకింత...” అంది భార్య.

“నాకు పని నేర్పిన గురువమ్మా. ఒకప్పుడు ఈ రేవులో ఏ పడవలో గ్యాస్ పొయ్యి వెలిగినా, అది ఈయన బిగించిందే.”

మెకానిక్ కళ్లు తుడుచుకున్నాడు.

“ఆఖరుసారి బిగించింది, తన కూతురూ అల్లుడూ కొత్తగా కొనుక్కున్న పడవకి.”