ఒంటిచేతి కుట్టు

"కాళ్లు పైకి పెట్టుకోండి. గుడ్డ తొక్కుతున్నారు."

భర్త మంచం మీద కాళ్లు ముడుచుకున్నాడు. ఆ ఒంటిగది ఫ్లాటులో గుడ్డ పరవడానికి మంచానికీ అల్మరాకీ మధ్య ఉన్న కాస్త జాగా తప్ప ఇంకేం లేదు. కుట్టుమిషను భోజనాల బల్లెక్కి కూర్చుని రెండు రోజులైంది. అప్పటి నుంచి ఇద్దరూ పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

"సెలవు రోజు కూడా ఈ మిషనేనా?" అన్నాడతను.

"రేపు మాస్టరుకి చూపించాలి. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకి కాదు."

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో, చేతులు కుట్టి అతికించే సెక్షన్లో పనిచేస్తారు. అక్కడ ఎవరి ముక్క వాళ్లదే. కాలరు కుట్టేవాళ్లు కాలరే కుడతారు, జేబు కుట్టేవాళ్లు జేబే. చేతుల్లో కూడా ఒక వరసవాళ్లు ఎడమవి, ఎదురు వరసవాళ్లు కుడివి. వీళ్లిద్దరివీ ఎదురెదురు వరసలు. పదకొండేళ్లలో ఆమె లెక్కలేనన్ని చొక్కాలకు చెయ్యి అతికించింది గానీ, ఒక్క చొక్కా కూడా పూర్తిగా కుట్టి ఎరగదు.

ఇప్పుడు పై అంతస్తులో సాంపిల్ రూములో ఒక కుర్చీ ఖాళీ అయింది. కొత్త మోడలు చొక్కాని అక్కడ మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే కుడతారు. గంటకు ఇన్ని అని తరిమేవాడుండడు. మధ్యలో లేచి నడుం చాచుకున్నా ఎవరూ కసురుకోరు. ఆమె మెడ రెండేళ్లుగా పట్టేసి ఉంది. లైన్లో ఇంకో ఏడాది కూర్చుంటే అది ఇక పనికి రాదని ఆమెకు తెలుసు. అందుకే ఆ కుర్చీ కావాలి, ఆశకు కాదు, ప్రాణానికి.

కొత్తగా వచ్చిన మాస్టరు పెట్టిన షరతు ఒక్కటే. మీ ఒంటి కొలతకు మీరే కత్తిరించి, మీరే కుట్టి, తొడుక్కుని రండి, వేరేవాళ్ల చెయ్యి పడకూడదు అని.

కాలరు మూడుసార్లు విప్పి నాలుగోసారి కుట్టింది. జేబు రెండుసార్లు వంకరపోయింది. మిషను తిరిగినప్పుడల్లా కింది ఫ్లాటు మామ్మ కర్రతో పైకప్పు పొడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి చొక్కా ఒళ్లు తయారైంది.

"ఇంకేం మిగిలింది?"

"చేతులే."

"అవా? నీకు నిద్రలో కూడా వస్తాయవి. కాసేపు నడుం వాల్చు."

"వాలిస్తే లేవలేనండీ," అంటూ ఆమె చేతి ముక్కలు దగ్గరికి లాక్కుంది. నీలం గళ్ల నూలుగుడ్డ, ఏ వైపు తిప్పినా ఒకేలా ఉంది. అక్షరాలు అలుక్కుపోయినట్టు గళ్లన్నీ కళ్ల ముందు అలుక్కుపోయాయి.

కళ్లు తెరిచేసరికి మంచం మీద ఉంది. బయట ఎండ వాలిపోయింది. చొక్కా మేకుకు వేలాడుతోంది, రెండు చేతులతో.

"ఇవెప్పుడు అతికించాను?"

"అతికించే కదా మంచమెక్కావు! పిలిస్తే ఊఁ అంటావు గానీ పెడలు మీంచి కాలు తియ్యవు. చూస్తుంటే నాకే భయమేసింది."

కాబోలు అనుకుంది. ఫ్యాక్టరీలోనూ అంతే, గంట కొట్టేదాకా ఏం కుట్టిందో గుర్తుండదు. గుండీలు కుట్టుకుంది, ఇస్త్రీ చేసుకుంది. పట్టిపట్టి చూసే ఓపిక ఇక లేదు.

పొద్దున మెట్ల దగ్గర మామ్మ పట్టుకుంది. "నిన్న ఎండ వాలేదాకా ఆ మిషను ఆపలేదు కదమ్మా! నా కర్ర అరిగిపోయింది."

"ఇదే ఆఖరు మామ్మా," అని గబగబా దిగిపోయింది. కుడి భుజం దగ్గర చొక్కా కాస్త లాగుతోంది. మెడనొప్పే భుజంలోకి దిగిందనుకుంది.

సాయంత్రం మాస్టరు చూసి వదిలాక ఆమె ఇంటికొచ్చేసరికి, ముందే వచ్చిన భర్త టీ కాచి ఉంచాడు. ఆమె చెప్పులైనా విడవకుండా మంచం మీద కూలబడింది.

"ఏమన్నాడు మాస్టరు?"

"తొమ్మిది మందిమి వరసగా నిలబడ్డాం. ఎనిమిది చొక్కాలకి వంక పెట్టడానికి లేదు. నా దగ్గరికొచ్చి కుడి చెయ్యి పట్టుకుని ఆగిపోయాడు."

"ఏం?"

"మణికట్టు దగ్గర చీలిక వెనక్కి ఉండాలి కదా. ముందుకొచ్చింది. కుడివైపు కూడా ఎడమ చెయ్యే కుట్టి ఉంది."

అతని మొహం పాలిపోయింది. "అయ్యో! రెండూ ఎడమవేనా?"

"రెండూ. అందరూ పగలబడి నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను."

"అయితే పోయినట్టేనా?"

"మాస్టరు నవ్వలేదు. ఆ ఎనిమిది చొక్కాలూ చూపించి, 'వీటికి కాలరు కాలరువాళ్లది, జేబు జేబువాళ్లది, లైనంతా తలో చెయ్యీ వేశారు' అన్నాడు. 'ఏళ్ల తరబడి ఎడమ చేతులే కుట్టిన మనిషి, అలసిపోయి ఒంటరిగా కుట్టుకుంటే తప్ప ఇలాంటి పొరపాటు రాదు. చొక్కా తనే కుట్టుకున్నది ఈవిడొక్కతే' అన్నాడు. కాలరు కూడా మెచ్చుకున్నాడు. రేపటి నుంచి పైకి రమ్మన్నాడు."

భర్త మంచం మీంచి ఎగిరి లేచాడు. "నేను చెప్పలేదూ! నిద్రలో కుట్టినా నీ పనితనం ఎక్కడికి పోతుంది? నువ్వేమన్నావు మరి?"

"సరేనని తలూపి వచ్చేశాను."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమండీ, నేను కుట్టేవి కుడి చేతులు."