చేవలో నలుపు

"ఇది మన చెట్టు కర్ర కాదు. ఈ వడ్రంగి ఏదో పనికిరాని ముక్క చెక్కి మనకి అంటగడుతున్నాడు. వదిలెయ్, పోదాం పద" అన్నాడు అన్న.

చెల్లెలు భరిణెను వదల్లేదు. మతి సరిగా లేని తమ్ముడు పోయాక, వాడి చేతిగడియారం దాచుకోవడానికి చేయించింది అది. వాడు పోయిన మర్నాడే అన్న పెరట్లో చెట్టు కొట్టించి పొయ్యిలోకి పంపుతుంటే, అడ్డుపడి ఒక దుంగ దక్కించుకుంది. భరిణె తేనె రంగులో నున్నగా మెరుస్తోంది. నడుం చుట్టూ మాత్రం సిరా ఒలికినట్టు నల్లటి చార.

"మీ చెట్టేనమ్మా" అన్నాడు వడ్రంగి, కర్ర తిప్పే లేత్ ఆపి చేతుల మీది పొట్టు దులుపుకుంటూ. "ఒక్క చెట్టులోనే రెండు రంగులుంటాయి. బెరడు పక్కన పాలిపోయినట్టుంటుంది. లోపల చేవ తేనె రంగు. ఆ రెండూ పుట్టుకతో వచ్చేవి. ఈ నలుపు పుట్టుకది కాదు. లోపలెక్కడో ఇనుముంది. తుప్పు పట్టి కర్రలోకి దిగింది."

"ఎవడో మేకు కొట్టుంటాడు" అన్నాడు అన్న వెంటనే.

"మేకుకి ఇంత నలుపు రాదు సార్. నా రంపం పళ్లే ఎగిరిపోయాయి."

"పోనీ, మూతయినా మచ్చ లేకుండా చేస్తావా?" అంది చెల్లెలు. "ఆ చెట్టంటే వాడికి ప్రాణం. ఫోన్ చేసినప్పుడల్లా అన్నయ్య అదే చెప్పేవాడు. పొద్దస్తమానం దాని కిందే ఉంటాడట. వానొచ్చినా, ఎంత పిలిచినా లోపలికి రాడట."

"ముక్క ఇంకొకటి మిగిలింది. చీల్చి చూద్దాం" అంటూ వడ్రంగి ఉలి అందుకున్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకు? బస్సు వెళ్లిపోతుంది." అన్న ఆమె రెక్క పట్టుకుని లాగాడు.

సుత్తి దెబ్బకి మొద్దు బీటవారింది. చెట్టు ఎప్పుడో మింగేసిన గొలుసు లంకెలు పగుల్లోంచి కనిపించాయి.

అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆ... ఉయ్యాలది. నీ పెళ్లయి వెళ్లాక వాడి కోసం నేనే కట్టాను."

చెల్లెలి కళ్లు చెమ్మగిల్లాయి. అన్న చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. "కన్నతండ్రిలా చూసుకున్నావన్నయ్యా వాణ్ణి. ఈ ఉయ్యాల సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

వడ్రంగి మరో దెబ్బ వేశాడు. మొద్దు రెండుగా చీలింది. గొలుసు చివర ఉన్న ఇనుప ముద్ద ఊడి, ఠంగుమని బల్ల మీద పడింది. ఆమె తీసి చూసింది. తుప్పు వేళ్లకి అంటుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"ఉయ్యాలకి తాళం ఎందుకన్నయ్యా?"